అత్తమ్మ వేళ్లు ఎంచుకున్న వంటిల్లు

ఇల్లందు బజారులో నాకు మ్యాచింగ్ సెంటర్ ఉంది. జాకెట్ ముక్కలు, లైనింగులు, ఫాల్స్, లేసులు అమ్ముతాను. తీరిక దొరికితే వెనక మిషన్ మీద కుడతాను. ఎవరైనా చీర తెచ్చి బల్ల మీద పరిస్తే చాలు, అరల్లో చెయ్యి పెట్టి దానికి సరిపోయే ముక్క తీసి ఇస్తాను. పసుపులో నిమ్మపసుపు వేరు, గంధం వేరు, చామంతి వేరు. తేడా ఉంటే నా కళ్లు ఊరుకోవు. అలాంటిదాన్ని కాబట్టి, సొంతిల్లు కట్టుకుంటున్నప్పుడు వంటింటి సామాన్లన్నీ ఒకే కంపెనీవి, ఒకే రంగువి ఉండాలని నేను పట్టుబట్టడంలో వింతేమీ లేదు.

దానికి ఇంకో కారణం కూడా ఉంది. మా ఆయన ఓపెన్‌కాస్ట్ బొగ్గు గనిలో డంపర్ నడుపుతాడు. పెళ్లయినప్పటి నుంచి మేం ఉన్నది కంపెనీ క్వార్టర్‌లోనే. ఆ ఇరుకు వంటింట్లో నేను కావాలని కొన్న వస్తువు ఒక్కటీ లేదు. మిక్సీ పెళ్లికి ఎవరో చదివించింది, దాని జార్ ఇంకో మిక్సీది. ఫ్రిజ్ బదిలీ మీద వెళ్లిపోతూ పక్క క్వార్టర్ వాళ్లు వదిలిపెట్టింది. స్టవ్ మా అమ్మ వాడి ఇచ్చింది. అన్నీ పని చేసేవి, ఏదీ దేనితోనూ కలిసేది కాదు. ఆ గోడల మధ్య వంట చేస్తూ, నాదనే వంటిల్లు వస్తే అన్నీ ఒక్క తీరుగా ఉంటాయని ఎన్నోసార్లు అనుకునేదాన్ని.

ఊరి చివర ఇంటికి స్లాబు పడ్డాక నేనూ మా ఆయనా ఖమ్మం వెళ్లి సామాన్లు చూసి వచ్చాం. మరీ ఖరీదైనవి మా వల్ల కాదు, మరీ చౌకవి తెస్తే ఏడాది తిరిగేసరికి మూలకు పడతాయి. మధ్య రకంలోనే ఒక కంపెనీ వాళ్లు మొత్తం సెట్టు పెట్టారు. స్టవ్, మిక్సీ, గ్రైండర్, రైస్ కుక్కర్, ఫ్రిజ్, అన్నీ స్లేటు రంగు, అన్నింటి మీదా ఒకే వెండి గీత. పెనుబల్లిలో ఉండే మా ఆడబిడ్డ వంటింట్లో కూడా అన్నీ ఒకే కంపెనీవి. ఆమె ఫోన్‌లో గట్టిగానే చెప్పింది.

"అదే తీసుకో వదినా. ఏది పాడైనా ఒకే ఫోన్, ఒకే మెకానిక్. చూడ్డానికీ బాగుంటుంది. తలా ఒకటి తెచ్చావంటే ఎవరిని పిలవాలో తెలియక తిరుగుతూ ఉంటావు."

ఆ మాట నాకు సబబుగానే తోచింది. ఆ రోజు సాయంత్రం అన్నం తింటూ ఆ సెట్టు ఎలా ఉందో మా ఆయనకే మళ్లీ చెబుతున్నాను. గోడ పక్కన పీట మీద కూర్చుని మా అత్తమ్మ వింటోంది.

మా అత్తమ్మ గురించి ఇక్కడ చెప్పాలి. బొగ్గు బాయి గేటు ముందర ఆమె చాలా ఏళ్లు హోటల్ నడిపింది. హోటల్ అంటే రేకుల కింద రెండు బల్లలు, ఒక పొయ్యి. ఫస్ట్ షిఫ్ట్‌కి దిగేవాళ్లు తెల్లవారకముందే ఆమె దగ్గర ఇడ్లీ తిని లోపలికి పోయేవాళ్లు. మామయ్య పోయాక పిల్లలిద్దరినీ పెంచింది ఆ పొయ్యి మీదే. తర్వాత ఆమె కళ్లలో ఒత్తిడి పెరిగి నరం దెబ్బతింది. దవాఖానాకు వెళ్లేసరికి చూపు చాలావరకు పోయింది. ఇప్పుడు ఎవరైనా ఎదురుగా వస్తే నీడ కదిలినట్టు తెలుస్తుంది, అంతే.

చూపు పోయిన కొత్తలో కూడా ఆమె వండేది. ఒకరోజు నేను దుకాణం నుంచి వచ్చేసరికి క్వార్టర్ నిండా గ్యాస్ వాసన. పాలు పొంగి మంట ఆరిపోయింది, ఆమెకు తెలియలేదు. అప్పటికి జలుబు చేసి వాసన కూడా పట్టలేదు. కిటికీలు తెరిచాం, ఎవరికీ ఏమీ కాలేదు. కానీ మా ఆయన బాగా భయపడ్డాడు. ఆ రాత్రే స్టవ్ నాబ్‌లు పీకి అటక మీద పెట్టాడు. నాకు కావలసినప్పుడు దించుకుని తగిలించుకునేదాన్ని, వంట అయ్యాక మళ్లీ పైన పెట్టేదాన్ని. ఆ మర్నాటి నుంచి అత్తమ్మ వసారాలో కూర్చోవడం మొదలుపెట్టింది. చుట్టాలొచ్చి ఏం వండావని అడిగితే, "కోడలు పెడతది, తినున్రి," అనేది. బాయి మీది మనుషులకు అన్నం పెట్టిన మనిషి, మంచినీళ్లు కూడా నన్నడిగి తాగడం అలవాటు చేసుకుంది.

అలాంటి ఆమె ఆ సాయంత్రం ఉన్నట్టుండి అడిగింది.

"గ్రైండర్ ఏ పక్కకు పెడుతున్నవ్ బిడ్డా?"

"కిటికీ కింద, కుడి పక్కకు అత్తమ్మా."

"వంట బండ ఎత్తెంత? నాకు నడుం దాక వస్తదా?"

చెప్పాను. ఆమె నడుం దగ్గర చెయ్యి పెట్టి ఎత్తు కొలుచుకుని, "మల్ల పోయినప్పుడు నేను గూడ వస్త. చెయ్యి పెట్టి చూస్త," అంది.

మా ఆయన ముద్ద ఆపాడు. "నువ్వెందుకమ్మా బస్సుల పడి. ఆమె చూసింది గద."

"నీ డంపర్ సంగతి నేనేమన్న అడుగుతున్ననా? ఇది వంటిల్లు," అంది అత్తమ్మ.

ఆ ఆదివారం నేనూ అత్తమ్మా ఖమ్మం బస్సెక్కాం. దారి పొడుగునా ఆమె నా చెయ్యి పట్టుకునే కూర్చుంది గానీ, ఆమె పొయ్యికి దూరమైన ఈ నాలుగేళ్లలో ఇంట్లో విన్నదానికన్నా ఎక్కువ మాటలు విన్నాను ఆ బస్సులో. హోటల్ రోజుల్లో మినప్పప్పు ఎక్కడ కొనేదో, రోలు ఎవరు మలిచి ఇచ్చారో, అన్నీ చెప్పింది.

షోరూంలో ఆ సెట్టు దగ్గరికి తీసుకెళ్లాను. అక్కడ పని చేసే అమ్మాయి మర్యాదగా, "అమ్మమ్మా, ఇది కొత్త మోడల్. టచ్. ఊరికె ఇట్ల వేలు పెడితే చాలు," అని అత్తమ్మ వేలు పట్టుకుని స్టవ్ అంచు మీద అద్దానికి ఆనించింది. ఏదో కూత వినబడింది.

"ఏమైంది?" అంది అత్తమ్మ.

"రెండో పొయ్యి ఆన్ అయింది అమ్మమ్మా."

"నేను మొదటిది అనుకున్న."

ఆమె ఇంకోసారి వేలు జరిపి చూసింది. మళ్లీ కూత. ఈసారి ఏది వెలిగిందో అడగలేదు. మిక్సీ దగ్గరికి తీసుకెళ్లాను. దానికీ ముందు భాగమంతా అద్దమే. కుక్కర్‌కూ అంతే. ఫ్రిజ్ తలుపుకు పిడి లేదు, అంచు కింద వేళ్లు దూర్చి లాగాలి. అత్తమ్మ అన్నింటినీ ఓపిగ్గా తడిమి, చివరికి చేతులు పైటకు తుడుచుకుంది.

"మంచిగున్నయి బిడ్డా. నున్నగున్నయి. తీసుకో."

ఆ "తీసుకో" అన్న మాట నాకు ఇప్పటికీ చెవిలో ఉంది. కోపంతో అన్నది కాదు, బాధ తెలియనిచ్చిందీ లేదు. చుట్టాలింటికి వెళ్లినవాళ్లు, మీ ఇల్లు బాగుంది అని చెప్పినట్టు చెప్పింది. నేను ఆ సెట్టు వైపు చూశాను. స్లేటు రంగు మీద వెండి గీత ఒక వస్తువు నుంచి ఇంకో వస్తువుకు తెగకుండా పారుతున్నట్టుంది. నేను ఇన్నాళ్లూ అనుకున్నది అచ్చంగా అదే. అది ఇంటికి వస్తే, అత్తమ్మ దాని ముందు చుట్టంలా నిలబడుతుంది.

"తిప్పేవి ఉన్నయా మీ దగ్గర? నాబ్‌లు ఉన్నవి?" అని అడిగాను ఆ అమ్మాయిని.

"ఈ సెట్టుల లేవు మేడం. వేరే వేరే కంపెనీలల్ల ఉన్నయి. కాని అవి ఒకదానికొకటి మ్యాచ్ కావు."

మ్యాచ్ కావు. ఆ మాట నేను రోజూ నా బల్ల వెనక నిలబడి ఎంతమందికి చెబుతానో. ఎవరైనా మ్యాచ్ కాని ముక్క తీసుకుపోతామంటే వద్దమ్మా అని బతిమాలుతాను.

"కాకపోతే కాకపోనీ," అన్నాను. "చూపియ్యండి."

దుకాణం యజమాని లేచి వచ్చాడు. ఆయన మంచిగానే చెప్పాడు. "ఆలోచించుకోండి అమ్మా. సెట్టు విడగొడితే తగ్గింపు రాదు. పైగా నాలుగు కంపెనీలవి కొంటే, ఏదన్న ఖరాబైతే నలుగురికి ఫోన్ చెయ్యాలె."

నేను నోరు తెరిచేలోపే అత్తమ్మ అంది, "ఖరాబైనప్పుడు చేస్తం నాయినా. ఖరాబు గాకముందు వండుకోవాలె గద."

ఆయన నవ్వేశాడు. ఆపైన ఆయనే స్టూలు వేయించి అత్తమ్మను కూర్చోబెట్టి, మిక్సీలు ఒక్కొక్కటే తెప్పించి ఆమె ముందు పెట్టించాడు. నా మటుకు నేను కూడా లెక్క తేల్చుకున్నాను. మిక్సీ, కుక్కర్ ఏ కంపెనీవైనా మా బజారులోని రిపేరు దుకాణంలో బాగవుతాయి. ఫ్రిజ్ ఒక్కదానికే కంపెనీ మెకానిక్ కావాలి. ఒక వస్తువు బాగా చేసే కంపెనీ అన్నీ బాగా చేస్తుందన్న నమ్మకం కూడా ఏమీ లేదు. నా దుకాణంలో లైనింగ్ ఒకచోట నుంచి, లేసులు ఇంకోచోట నుంచి తెప్పిస్తాను. ఎవరి దగ్గర ఏది గట్టిదో చూసి తెస్తాను. వంటింటి దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఆ తెలివి పక్కన పెట్టేశాను.

అత్తమ్మ ఎంచుకోవడం చూడాలి. మిక్సీ నాబ్ తిప్పి, ఒక్కో స్పీడు దగ్గర అది పట్టుకుని ఆగుతుందా లేదా అని వేళ్లతో వినేది. ఒకదాన్ని తిప్పి వెంటనే పక్కకు నెట్టింది. "ఇది పండ్లూడిన నోరు లెక్కుంది, యాడ ఆగుతదో దానికే తెల్వది." ఇంకోదాని జార్ బిగించి, ఊపి, మళ్లీ తీసి, మళ్లీ బిగించింది. చివరికి ఎర్రటి మిక్సీ ఒకటి ఒప్పుకుంది. అది ఎర్రదని ఆమెకు తెలియదు, నేనూ చెప్పలేదు. గ్రైండర్‌ల దగ్గర లేచి నిలబడి, రాళ్లు తనే ఎత్తి, తనే దించింది. ఇదైతే బరువు, ఇదైతే మూత జారుతుంది అంటూ, తెల్లది ఒకటి తేల్చింది. రైస్ కుక్కర్ కింద చిన్న మీట ఉన్నది కావాలంది. కిందికి నొక్కితే టక్, అన్నం ఉడికి పైకి లేస్తే టక్. "ఇది మాట్లాడుతది," అంది. దాని మీద గులాబీ పూల బొమ్మలున్నాయి. ఫ్రిజ్‌కు బారెడు పిడి ఉన్నదే ఒప్పుకుంది. అది మెరూన్ రంగు.

స్టవ్ దగ్గర నేను పట్టుబట్టాను. మంట ఆరిపోతే గ్యాస్ దానంతటదే ఆగిపోయేది కావాలన్నాను. ఆ దుకాణంలో అలాంటిది లేదు. ఆ యజమానే పక్క గల్లీలో ఇంకో దుకాణం చెప్పి, తోడుగా ఆ అమ్మాయిని పంపాడు. అక్కడ దొరికింది. మూడు పొయ్యిల స్టీలు స్టవ్. దాని నాబ్‌లకు ముక్కులా పొడుగాటి కొస ఉంది. కొస ఎటు తిరిగి ఉందో తడిమితే మంట ఎంత ఉందో తెలుస్తుంది. అత్తమ్మ మూడు నాబ్‌లూ పట్టి చూసి, వాటి మీదే చెయ్యి ఉంచి కాసేపు నిలబడింది.

"ఇవి పీకితే ఊడి వస్తయా?" అని అడిగింది నన్ను, మెల్లగా.

"రావు అత్తమ్మా," అన్నాను. నిజానికి వస్తాయి. రానివ్వనని అప్పుడే అనుకున్నాను.

సామాన్లు ఇంటికి చేరాక మా ఆయన వంటింటి గుమ్మంలో నిలబడి ఎర్ర మిక్సీని, తెల్ల గ్రైండర్‌ని, పూల కుక్కర్‌ని, మెరూన్ ఫ్రిజ్‌ని చూశాడు. "ఏంది ఇది? క్వార్టరే లేచి ఇక్కడికొచ్చినట్టున్నది," అన్నాడు. అత్తమ్మ లోపలే ఉంది. గోడ పట్టుకుని ఒక్కో వస్తువునూ తడుముతూ వస్తోంది.

"నీకు తెల్వది కొడుకా. అన్నీ ఒక్క తీరుంటె ఏది ఏందో నాకెట్ల తెలుస్తది? ఇది గరుకు. ఇది సల్లగ. దీనికి మెడ ఉన్నది. చెయ్యి పెడితే పేరు చెప్తున్నయి."

మా ఆయనకు నవ్వొచ్చింది గానీ భయం పోలేదు. అమ్మ పొయ్యి దగ్గరికి పోవద్దనే అన్నాడు. నేను వాదించలేదు. గృహప్రవేశం రోజు ఆ వాదన దానంతటదే తేలిపోయింది.

కొత్త ఇంట్లో పాలు పొంగించడం ఆడబిడ్డ చెయ్యాల్సిన పని. పెనుబల్లి నుంచి మా ఆడబిడ్డ వచ్చింది. వంటిల్లు చూసి, "ఏంటి వదినా, జాతరలో దుకాణంలా ఉంది," అని నవ్వి, పట్టుచీర కొంగు దోపుకుని స్టవ్ వెలిగించింది. పాలు పొంగాయి. అందరం సంతోషంగా చూస్తుండగా నురగ గిన్నె దాటి బర్నర్ మీద పడి మంట ఆరిపోయింది. కొంచెం గ్యాస్ వాసన వచ్చింది. మా ఆయన చుట్టాలను తోసుకుని ముందుకు వచ్చాడు.

"ఆగు," అంది అత్తమ్మ. చెయ్యి అడ్డం పెట్టింది. అందరూ ఆగిపోయారు.

స్టవ్ లోపల ఎక్కడో చిన్నగా టక్‌మంది.

"ఆగిపోయింది," అంది అత్తమ్మ. "ఇగ చూడు, వాసన ఉన్నదా?"

మా ఆయన వంగి వాసన చూశాడు. ఇంకాసేపు చూశాడు. "లేదమ్మా," అన్నాడు.

ఆమె నాబ్ తడిమి మూసేసింది. కిటికీ తెరవమని చెప్పింది. తడిగుడ్డ అడిగి, బర్నర్ కప్పు తీసి తుడిచి, మళ్లీ సరిగ్గా కూర్చోబెట్టింది. లైటర్ కోసం చెయ్యి చాపితే మా ఆడబిడ్డ అందించింది. నాబ్ నొక్కి పట్టుకుని, లైటర్ నొక్కింది. మంట పట్టింది. అది నిలబడేదాకా నాబ్ వదలలేదు. తర్వాత అరచెయ్యి పైన దూరంగా పెట్టి వేడి చూసుకుని, కొసను సిమ్ వైపు తిప్పింది.

మా ఆయన తల్లి భుజం మీద చెయ్యి వేసి, "సరే అమ్మా," అన్నాడు. అంతే. నాకు మాత్రం ఆ క్షణంలో ఆ రంగులన్నీ ఒకదాని పక్కన ఒకటి ఎంతో బాగున్నాయనిపించింది. గెలిచినవాళ్ల ఇంట్లో నిలబడ్డట్టు నిలబడ్డాను.

మర్నాడు పొద్దున నేను లేచేసరికి వంటింట్లోంచి టీ వాసన వస్తోంది. అత్తమ్మ మూడు గ్లాసులు పోసి పెట్టింది. ఒక్క చుక్క కింద పడలేదు. మా ఆయన టీ తాగి, గ్లాసు కడిగి బోర్లించి షిఫ్ట్‌కి వెళ్లాడు. ఆ తర్వాత పప్పు, ఆపైన పచ్చడి, ఆపైన ఇడ్లీ. మొదట్లో రెండుసార్లు ఇడ్లీ గట్టిగా వచ్చింది. కొత్త గ్రైండర్ తన చేతికి అలవాటు కావాలంది అత్తమ్మ. పిండి నలుగుతున్న చప్పుడు మారితే చాలు, పక్క గదిలో ఉన్నా లేచి వెళ్లి నీళ్లు చల్లేది. మిక్సీ మీద మొదటి స్పీడు దగ్గర నేను ఒక చొక్కా గుండీ అంటించాను. అది ఆమెకు నచ్చింది, అడిగి రెండోదీ అంటించుకుంది.

వానలు తగ్గాక ఒక ఆదివారం అత్తమ్మ తన పాత గిరాకీని పిలిచింది. బాయి గేటు ముందర ఆమె ఇడ్లీలు తిని లోపలికి దిగినవాళ్లు, ఇప్పుడందరూ రిటైరైనవాళ్లు. కొందరు కర్రలతో, కొందరు కొడుకుల బండ్ల వెనక కూర్చుని వచ్చారు. మా ఆడబిడ్డ ముందురోజే వచ్చింది. సాయం చేస్తానని వంటింట్లోకి వెళ్లి, కాసేపట్లోనే బయటికొచ్చింది.

"నన్ను కూర్చోమంటోంది వదినా," అంది. ఆమె కళ్లల్లో నీళ్లున్నాయి, నవ్వుతోంది.

లోపల మూడు పొయ్యిలూ వెలుగుతున్నాయి. ఒకదాని మీద ఇడ్లీ, ఒకదాని మీద చట్నీకి పల్లీలు, ఇంకోదాని మీద టీ. అత్తమ్మ ఒకదాని నుంచి ఇంకోదానికి అడుగు తడబడకుండా జరుగుతోంది. మిక్సీ, కుక్కర్, ఫ్రిజ్ పిడి, ఎక్కడ చెయ్యి పెట్టాలో అక్కడే పెడుతోంది. మా ఆయన ప్లేట్లు అందిస్తున్నాడు. నిదానమైతే, "జల్దీ కొడుకా, షిఫ్ట్ టైం అయితున్నది," అంటోంది. వసారాలో ముసలివాళ్లు పగలబడి నవ్వుతున్నారు.

అందరికన్నా పెద్దాయన ఒకరు మూడోసారి ప్లేటు చాపి, "అక్కా, చట్నీల ఉప్పు అప్పటి లెక్కనే ఉన్నది. చెయ్యి ఏం మారలె," అన్నాడు. అత్తమ్మ గుమ్మం దాకా వచ్చి నిలబడింది. నుదుటి మీద చెమట, చేతికి పిండి. "మారెటందుకు ఏమున్నది తమ్మీ. కొన్ని దినాలు ఖాళీగ కూసున్న, గంతే," అని, ఇంకో రెండు ఇడ్లీలు వెయ్యమని కొడుకుతో చెప్పింది.

ఇప్పుడు శనివారం సాయంత్రమైతే మా వీధి ఆడవాళ్లు గిన్నెలు పట్టుకుని అత్తమ్మ రుబ్బిన ఇడ్లీ పిండి కోసం వస్తారు. నేను దుకాణంలో ఉండగానే ఫోన్ వస్తుంది.

"కొత్తిమీర అయిపోయింది బిడ్డా. వచ్చేటప్పుడు పట్టుకరా. జల్దీ రా, పొయ్యి మీద పెట్టిన."